ఆఫ్రికా ముళ్ల రేగు, ఉమ్లాహ్లాన్‌కోసి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు, అక్కడి క్రూగర్ వన్యప్రాణుల పార్కు చూసొచ్చినవాళ్లు ఈ చెట్టు గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ముల్లు గుచ్చుకున్నాకే వస్తుంది. అసలు విషయం ముల్లు కాదు, ఆ కొమ్మతో అక్కడివాళ్లు చేసే పని. అందుకే ఆ భాగానికి వచ్చేసరికి జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ఇది తుమ్మ జాతి చెట్టా?

కాదు. ఆఫ్రికాలో ముళ్లున్న ప్రతి చెట్టునీ తుమ్మ అనుకోవడం మామూలే, ఎందుకంటే అక్కడి మైదానాల్లో తుమ్మ బంధువులు చాలా ఎక్కువ. ఇది మాత్రం రేగు. శాస్త్రీయ నామం జిజిఫస్ మ్యుక్రొనాటా. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్డెనో 1809లో ఈ పేరు పెట్టాడు. మన చేల గట్ల మీద ఉండే రేగు జిజిఫస్ మారిషియానా. పరికి పళ్ల కంప కూడా ఇదే ప్రజాతి. అంటే ముగ్గురూ దాయాదులే.

ఇంగ్లీషులో దీన్ని బఫెలో థార్న్ అంటారు. దక్షిణాఫ్రికాలోని జూలూ తెగ భాషలో ఉమ్లాహ్లాన్‌కోసి, ఉమ్పాఫా అనే రెండు పేర్లూ వినిపిస్తాయి. బోట్స్వానా వైపు సెట్స్వానాలో మొఖాలో. డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో దీని పేరుకి అర్థం 'మెరిసే ఆకుల, కాసేపాగు'. కంపలో ఒకసారి చొక్కా ఇరికినవాడికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎక్కడెక్కడ పెరుగుతుంది?

సహారా ఎడారికి దక్షిణాన చాలా దేశాల్లో ఉంది. పడమట సెనెగల్, తూర్పున ఇథియోపియా, కింద దక్షిణాఫ్రికా వరకూ కనిపిస్తుంది. అరేబియా ద్వీపకల్పంలోనూ కొంత ఉంది. వర్షాలు తక్కువైనా, చలికాలంలో మంచు పడినా తట్టుకుంటుంది. ఏటి ఒడ్డున, చెదపుట్టల దగ్గర, గడ్డి మైదానంలో ఒంటరిగా, ఎక్కడైనా సరే. జూలూల ప్రాంతమైన క్వాజులు-నటాల్ పల్లెల్లో ఇళ్ల దగ్గరే దొరుకుతుంది.

దూరం నుంచి చూసి ఎలా గుర్తుపట్టాలి?

మామూలుగా 3 నుంచి 10 మీటర్ల ఎత్తు. కొమ్మలు కిందికి వాలి, ఒక్కో కణుపు దగ్గర కాస్త మెలిక తిరిగి పోతుంటాయి. దగ్గరికెళ్తే ఆకు చూడండి. పైభాగం తళతళలాడుతుంది, అంచున సన్నటి రంపపు పళ్లుంటాయి, ఆకు మొదట్లోంచే మూడు ఈనెలు బయల్దేరతాయి. మన రేగాకు అడుగున తెల్లటి నూగు ఉంటుంది కదా, దీనికి అంత తెల్లదనం ఉండదు. కాయ గుండ్రంగా, సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, పండితే ఎర్రమట్టి రంగులోకి వస్తుంది. ఆకులు రాలిపోయాక కూడా ఈ కాయలు చాలాకాలం కొమ్మకే వేలాడుతూ ఉంటాయి, కాబట్టి చలికాలంలో గుర్తుపట్టడం ఇంకా తేలిక.

కొన్ని ముదురు చెట్లకి ముళ్లు చాలా తక్కువ. ముళ్లు లేవు కాబట్టి ఇది అది కాదు అనుకోకండి.

ఒక ముల్లు తిన్నగా, ఇంకోటి వంకరగా ఎందుకుంటాయి?

ప్రతి కణుపు దగ్గరా జంట ముళ్లు. ఒకటి బయటికి తిన్నగా పొడుచుకొస్తుంది, రెండోది వెనక్కి కొక్కెంలా వంగి ఉంటుంది. ఇలా ఉంటే మేసే జంతువుకి రెండు వైపులా ఇబ్బందే. ముందుకు తోస్తే ఒకటి గుచ్చుకుంటుంది, వెనక్కి లాక్కుంటే రెండోది పట్టుకుంటుంది. మన రేగులోనూ ఈ ఏర్పాటు చూడొచ్చు.

అక్కడి పెద్దలు దీనికి ఇంకో అర్థం చెబుతారు. తిన్నటి ముల్లు మనం వెళ్లాల్సిన వైపు చూపిస్తుందట, వంకర ముల్లు మనం వచ్చిన చోటుని చూపిస్తుందట. ఇలాంటి మాటలు టూరిస్టు గైడ్ల నోట పడి అరిగిపోతాయి. అయినా ఈ చెట్టుని దేనికి వాడతారో తెలిశాక ఈ మాట ఉత్త అలంకారం అనిపించదు.

చావుకీ ఈ చెట్టుకీ ఏం సంబంధం?

ఉమ్లాహ్లాన్‌కోసి అన్న పేరులోనే ఉంది. 'లాహ్లా' అంటే పడేయడం, సాగనంపడం. 'ఇన్‌కోసి' అంటే నాయకుడు, రాజు. నాయకుణ్ణి సాగనంపే చెట్టు అన్నమాట. పూర్వం జూలూ నాయకుడు చనిపోతే సమాధి మీద ఈ చెట్టు నాటేవాళ్లని చెబుతారు. పెద్దాయన ఎక్కడున్నాడో తర్వాతి తరాలకి గుర్తుండాలి కదా. పశువులున్న ఇంటి యజమాని పోతే ఆయన్ని పశువుల దొడ్డిలోనే పాతిపెట్టి, పైన ఈ కొమ్మలు వేసేవాళ్లు. పశువులు వచ్చి ఆ ఆకులు కొరికితే, యజమాని పోయిన సంగతి వాటికీ తెలిసిందని లెక్క.

ఇదంతా పాతకాలం ముచ్చట. ఇప్పటికీ బతికి ఉన్న ఆచారం వేరే ఒకటుంది. మనిషి ఇంట్లో కాకుండా బయట పోయినప్పుడు, రోడ్డు ప్రమాదంలోనో ఆసుపత్రిలోనో దూరపు నగరంలోనో, శరీరాన్ని తెచ్చి పూడ్చిపెడితే సరిపోదని జూలూ, స్వాజీ కుటుంబాల నమ్మకం. ఆత్మ చనిపోయిన చోటే ఉండిపోతుంది. దానికి ఇంటిదారి తెలియదు. ఎవరో ఒకరు వెళ్లి తీసుకురావాలి. ఆ తీసుకొచ్చేది ఈ కొమ్మ మీదే.

ఆ తంతు ఎలా జరుగుతుంది?

కుటుంబం నుంచి ఒక పెద్దమనిషి కొమ్మ పట్టుకుని చనిపోయిన చోటికి వెళ్తాడు. ఆసుపత్రి అయితే ఆ మంచం దగ్గరికి, ప్రమాదమైతే రోడ్డు మీద ఆ స్థలానికే. అక్కడ చనిపోయిన వ్యక్తిని వంశనామాలతో పిలుస్తాడు. వీటిని ఇజితాకజెలో అంటారు. మన ఇళ్లలో ప్రవర చెప్పినప్పుడు ఋషుల పేర్లు వరసగా వచ్చినట్టు, ఇందులో ఆ వంశపు పూర్వీకుల పేర్లు వరసగా వస్తాయి. పిలిచి, నిన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాం, రా, అని చెబుతాడు.

అప్పటినుంచి ఆయన ఒక్కడే ప్రయాణం చేస్తున్నట్టు కాదు. దారిలో ఏరు దాటుతుంటే ఏరు దాటుతున్నాం అని చెబుతాడు. బండి మారితే బండి మారుతున్నాం అంటాడు. తోటి ప్రయాణికులతో కబుర్లు ఉండవు, ఆయన మాట్లాడేదల్లా కొమ్మతోనే. ఇంటికి చేరాక కొమ్మని ఉమ్సామో దగ్గరికి తీసుకెళ్తారు. గుండ్రటి గుడిసెలో గుమ్మానికి ఎదురుగా, లోపలి గోడ పక్కన పూర్వీకులకి కేటాయించిన చోటు అది. వచ్చేశాం, ఇదే నీ ఇల్లు అని అక్కడ చెబుతారు. ఆ తర్వాత కొమ్మని ఏం చేయాలన్నది కుటుంబాన్ని బట్టి మారుతుంది. కొందరు అక్కడే ఉంచుతారు, కొందరు సమాధిలోనో సమాధి మీదో పెడతారు.

కొమ్మకి బస్సు టికెట్ కూడా కొంటారట, నిజమేనా?

నిజమే. మినీబస్ టాక్సీలో వెళ్తే రెండు సీట్లకి డబ్బులిస్తారు, ఒకటి తనకి, రెండోది కొమ్మ మీద వెంట వస్తున్న పోయినవాళ్లకి. దారిలో భోజనానికి ఆగితే వాళ్లకీ ఒక వాటా తీసిపెట్టే కుటుంబాలున్నాయి. డ్రైవర్లకి ఇది కొత్తేమీ కాదు. కొమ్మ పట్టుకున్న మనిషి మౌనంగా కూర్చున్నాడంటే సంగతి వాళ్లకి అర్థమైపోతుంది.

ఒకప్పుడు ఇది కాలినడకన జరిగిన ప్రయాణం. బంగారు గనుల కోసం మగవాళ్లు ఊళ్లు వదిలి జొహానెస్‌బర్గ్ బాట పట్టాక, చావులు ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో జరగడం మొదలైంది. ఆచారం చచ్చిపోలేదు, రైలెక్కింది, తర్వాత టాక్సీ ఎక్కింది. ఈ చెట్టు గురించి నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. మ్యూజియంలో పెట్టాల్సిన సంప్రదాయమైతే సీటుకి చార్జీ ఎవరిస్తారు?

అక్కడ చాలామంది క్రైస్తవులు కదా, వాళ్లూ చేస్తారా?

చాలామంది చేస్తారు. ఉదయం చర్చిలో ప్రార్థన, అంతకుముందే కొమ్మతో ఆత్మని తెచ్చుకోవడం, రెండూ ఒకే ఇంట్లో జరుగుతాయి. పూర్వీకుల ఆరాధన తప్పని చెప్పే చర్చిలూ ఉన్నాయి, ఆ సభ్యులు ఇందులో పాల్గొనరు. ఒకే కుటుంబంలో ఈ విషయమై వాదనలు రావడమూ కద్దు. బయటివాళ్లం మనం అందులో తీర్పు చెప్పాల్సిన అవసరం లేదు.

ఆఫీసులో సహోద్యోగి ఇంట్లో ఇలాంటిది జరిగితే మనం ఎలా ఉండాలి?

డర్బన్‌లో, జొహానెస్‌బర్గ్‌లో పనిచేసే మనవాళ్లకి ఇది పనికొచ్చే ప్రశ్న. శరీరాన్ని తీసుకురావడానికి ఒక రోజు, 'ఆయన్ని తీసుకురావడానికి' ఇంకో రోజు సెలవడిగితే ఒకే పనికి రెండు సెలవులనుకోకండి, అవి రెండు వేరు పనులు. కొమ్మతో వెళ్తున్న మనిషి దారిలో కనిపిస్తే పలకరించకండి, ఫొటో తీయకండి. మీ పలకరింపుకి జవాబు రాకపోతే అది అమర్యాద కాదు. తర్వాత కలిసినప్పుడు ఇంటికి క్షేమంగా చేరారా అని అడగండి. ఆ 'చేరారా'లో ఇద్దరూ ఉన్నారని వాళ్లకి తెలుస్తుంది.

పళ్లు తినొచ్చా? మన రేగుపళ్లలా ఉంటాయా?

తినొచ్చు, కానీ ఆశలు పెట్టుకోకండి. గుజ్జు పల్చగా, పిండిపిండిగా ఉంటుంది, పులుపు తక్కువ, టెంకె పెద్దది. గంగరేగు పళ్లు తిన్న నోటికి ఇది చప్పగానే తోస్తుంది. అక్కడి పిల్లలు మాత్రం పశువులు కాస్తూ తింటూనే ఉంటారు. ఎండబెట్టి దంచి ఆ పిండితో జావ కాస్తారు. పులియబెట్టి బీరు లాంటి పానీయం చేస్తారు. కరువు రోజుల్లో లేత ఆకుల్ని ఆకుకూరలా వండుకున్నారు.

1899 నుంచి 1902 వరకూ దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్లకీ, డచ్చి సంతతి బోయర్లకీ జరిగిన యుద్ధంలో కాఫీ గింజలు దొరక్క, ఈ టెంకెలు వేయించి పొడిచేసి కాఫీలా తాగారు. రుచి ఎలా ఉన్నా, యుద్ధం అయిపోగానే అందరూ మళ్లీ అసలు కాఫీకే వెళ్లిపోయారు.

భోగిపళ్లకి వాడుకోవచ్చా?

ఈ ప్రశ్న ఏటా సంక్రాంతి ముందు వస్తుంది. చిక్కు సంప్రదాయంతో కాదు, కాలంతో. భూమధ్యరేఖకి అటువైపు జనవరి నడివేసవి. అప్పుడు ఈ చెట్టుకి ఆకుపచ్చ, పసుపు కలిసిన చిన్న పూత, కాస్త పిందెలు ఉంటాయి. పళ్లు పండేది వాళ్ల ఆకురాలు కాలం నుంచి చలికాలం దాకా, అంటే సుమారు మార్చి నుంచి ఆగస్టు వరకూ. భోగికీ, రథసప్తమికీ అందవు. పూత మీద తేనెటీగలు మాత్రం బాగా వాలతాయి.

ఒక సరదా సంగతి చెప్పాలి. జింబాబ్వేలో జాంబెజీ లోయ వైపు వెళ్తే బజార్లో 'మసావు' పేరుతో అమ్మే పళ్లు చూసి తెలుగువాళ్లు ఆశ్చర్యపోతారు. అవి అచ్చం మన రేగుపళ్లే, జిజిఫస్ మారిషియానా. అక్కడ బాగా స్థిరపడిపోయింది. పచ్చివి, ఎండువి తింటారు, నాటుసారా కూడా కాస్తారు. భోగికి వెతకాల్సింది వాటిని.

మందుగా పనిచేస్తుందా?

వాడకం మాత్రం చాలా ఉంది. దగ్గుకి, ఛాతీ పట్టేసినప్పుడు బెరడుని వేడినీళ్లలో నానబెట్టి తాగిస్తారు. నీళ్ల విరేచనాలకి, జిగట విరేచనాలకి వేరు కషాయం. సెగగడ్డలు, పుళ్లు, గ్రంథుల వాపు మీద ఆకు, వేరు నూరి కట్టు కడతారు. మూలికలిచ్చే వైద్యుణ్ణి ఇన్యాంగా అంటారు. డర్బన్‌లో వార్విక్ జంక్షన్ దగ్గరున్న మూలికల బజార్లో ఇలాంటి బెరడులు, వేర్లు కట్టలు కట్టలుగా అమ్ముతారు.

ప్రయోగశాలల్లో ఈ చెట్టు బెరడులోంచి సైక్లోపెప్టైడ్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు వేరుచేశారు. కొన్నిటికి మ్యుక్రొనిన్ అని చెట్టు పేరే పెట్టారు. రసాయనం దొరికిందంటే మందు దొరికినట్టు కాదు. ఎంత మోతాదు, ఎవరికి పడదు, వేరే మందులతో కలిస్తే ఏమవుతుంది అన్న లెక్కలు తేలాకే దాన్ని మందనగలం. వాట్సాప్‌లో 'ఆఫ్రికా రేగు బెరడు పొడి' అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. పిల్లలకి విరేచనాలైతే ఓఆర్ఎస్ ఇచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పిడుగు పడకుండా కాపాడుతుందని విన్నాం?

బోట్స్వానాలోనూ, జూలూల్లోనూ ఆ నమ్మకం ఉంది. వేసవిలో ఈ చెట్టు నరికితే వడగళ్లో, కరువో వస్తుందని కూడా అంటారు. రెండో నమ్మకం వల్ల నష్టమేమీ లేదు, వేసవిలో నాలుగు చెట్లు బతుకుతాయి. మొదటిది నమ్మి ఉరుముల వానలో దీని కిందికి పరుగెత్తకండి. పిడుగుల వేళ ఏ చెట్టు కిందా నిలబడకూడదు, రేగైనా మర్రైనా.

రోజువారీ పనులకి దేనికి వాడతారు?

ముందుగా కంచెకి. కొట్టిన కంపని దొడ్డి చుట్టూ గుండ్రంగా పరిస్తే రాత్రిపూట హైనాలు లోపలికి రావడానికి జంకుతాయి. మన రాయలసీమ గొర్రెల కాపరులు కంపతో దొడ్డి కట్టడం చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. కంప మొదలు బయటికి ఉందా లోపలికి ఉందా అన్న దాంట్లోనే పనితనమంతా ఉంటుంది. ఒక్కో కొమ్మని మొదలు పట్టుకుని లోపలికి లాక్కోగలిగేలా పేరిస్తే, బయటివైపంతా ముళ్లే ఉంటాయి.

కలప గట్టిది, కాస్త పసుపు రంగు. కంచె గుంజలకి, పొయ్యిలోకి పనికొస్తుంది. వంగే సన్నటి కొమ్మలతో కొరడాలు చేసేవాళ్లు. ఆకు మంచి మేత. జిరాఫీలు, కూడూ, ఇంపాలా అనే జింకలాంటి జంతువులు కొమ్మ మీదవి తింటాయి, రాలిన ఆకునీ పండునీ మేకలు ఏరుకు తింటాయి. మరి ముళ్ల సంగతేంటంటే, జిరాఫీ నాలుక పొడుగ్గా ఉండి ముళ్ల మధ్యలోంచి ఆకుని లాగేయగలదు. మేకకి నాలుక చిన్నదే, కానీ పట్టుదల ఎక్కువ.

ఏసుక్రీస్తు ముళ్ల కిరీటం ఈ చెట్టుదేనా?

కాదు. ఈ చెట్టు పాలస్తీనా వైపు లేదు. ఆ కథ ముడిపడింది దీని దాయాది జిజిఫస్ స్పైనా-క్రిస్టీతో. ఆ పేరులోనే క్రీస్తు ముల్లు ఉంది. అరబ్బులు సిద్ర్ అనే చెట్టు అదే. ఆ కిరీటం నిజంగా ఏ కొమ్మతో అల్లారో రుజువు చేసే దారి ఎవరికీ లేదు, సంప్రదాయం మాత్రం దానిదే.

సిద్ర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ముస్లింలు చనిపోయినవారికి చేయించే చివరి స్నానంలో సిద్ర్ ఆకు కలిపిన నీళ్లు వాడతారు. మన దేశంలో ఆ స్థానంలో రేగాకు వేస్తారు. ఒకే ప్రజాతి చెట్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంప్రదాయాలు, రెండు చోట్లా పోయినవాళ్ల సేవలోనే ఉన్నాయి. నాకు ఇందులో రహస్యమేమీ కనిపించదు. ఊరి దగ్గర ఎప్పుడూ ఉండే, కరువులోనూ చావని చెట్టు ఇలాంటి పనులకి చేతికందుతుంది.

ఈ చెట్టున్న నేలకీ తెలుగువాళ్లకీ ఏమైనా సంబంధముందా?

ఉంది, పాతదే. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. నటాల్ చెరుకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలని తెచ్చిన మొదటి ఓడ అదే, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. 1911లో ఈ కూలీల రవాణా ఆగేసరికి లక్షన్నర మందికి పైగా భారతీయులు అలా వెళ్లారు. వాళ్ల పిల్లలు, మనవలు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ కూలీల్లో చాలామంది తిరిగి రాలేదు, వెళ్లిన చోటే మట్టిలో కలిశారు. దూరదేశంలో చనిపోయినవాళ్లని ఇంటికి ఎలా చేర్చాలన్నది ఆ నేల మీద జూలూలకి ఒక్కరికే ఉన్న ప్రశ్న కాదు.

విత్తనాలు తెచ్చి మన ఊళ్లో నాటొచ్చా?

వద్దు. సూట్‌కేసులో వేసుకొచ్చి నాటడం చట్టప్రకారం కూడా కుదరదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనాలు దిగుమతి చేసుకోవాలంటే అనుమతి కావాలి. చట్టం పక్కన పెట్టినా, బయటినుంచి తెచ్చిన ముళ్ల చెట్టు ఏం చేయగలదో సర్కారు తుమ్మ మనకి చూపించింది. అమెరికా ఖండం నుంచి వచ్చి చెరువులు, బీళ్లు అన్నీ ఆక్రమించింది. మన రేగు కూడా ఉత్తర ఆస్ట్రేలియాలో అలాంటి కలుపు చెట్టే అయింది. రేగు కావాలంటే మనకి మంచి అంటు రకాలు నర్సరీల్లో ఉన్నాయి, గట్ల మీద నాటు రేగు ఉంది, అడవిలో పరికి ఉంది.

దక్షిణాఫ్రికాలోనే ఉంటున్నాం, పెరట్లో పెట్టుకోవచ్చా?

నిక్షేపంగా. అది దాని సొంత నేల. స్థానిక మొక్కలమ్మే నర్సరీల్లో దొరుకుతుంది. గింజతో పెంచాలంటే టెంకెని జాగ్రత్తగా పగలగొట్టి లోపలి గింజని నాటితే త్వరగా మొలుస్తుంది. నీళ్లు అందితే బాగానే ఎదుగుతుంది, పిట్టలూ సీతాకోకచిలుకలూ వస్తాయి. నడిచే దారి పక్కన, పిల్లలు ఆడుకునే చోట, కారు నిలిపే చోట వద్దు. గోడకి దూరంగా, మూలగా పెట్టండి. ఇరుక్కుపోతే ముందుకు లాక్కోవద్దు, చొక్కా చిరుగుతుంది. ఒక అడుగు వెనక్కి, చెట్టు వైపే జరిగి, వంకర ముల్లుని దాని దారినే తప్పించండి.

పొరుగున జూలూ కుటుంబాలుంటే ఎప్పుడైనా ఎవరో వచ్చి ఒక కొమ్మ అడగొచ్చు. ఎందుకని అడక్కండి, కోసుకోనివ్వండి.